బ్లాగులోకెక్కిన ఒంటికన్ను నెమలి

మా అత్త పొద్దున్నే మిద్దె మీద పెట్టిన వడియాలు, ఆమె మాటలో సండిగలు, సాయంత్రానికి ఇటుకపొడి చల్లినట్టు ఎర్రబడిపోయేవి. కన్నడ సీమలో కురుగోడు దగ్గర మా ఊరి మీదుగా పగలంతా ఇనుప ఖనిజం మోసే మైన్స్ లారీలు తిరిగే రోజులవి. లోడు మీద టార్పాలిన్ కప్పాలని అందరికీ తెలుసు, కప్పే ఓపికే ఎవరికీ లేదు. అత్త తిట్టుకుంటూ వడియాలు పారబోసేది. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మంటంతా తీసుకెళ్లి బ్లాగులో రాసుకునేదాన్ని.

తెలుగులో బ్లాగులు అప్పుడప్పుడే మొదలయ్యాయి. మా ఆయన కొన్న కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక మారుపేరు పెట్టుకుని రాసేదాన్ని. మొదట్లో పర్యావరణం, బాధ్యత అంటూ ఉపన్యాసాలు దంచాను. నా మొహం, ఒక్క వ్యాఖ్య వస్తే ఒట్టు! ఒకరోజు విసుగొచ్చి, మా వడియాల సంగతి, వాటి మీద దుమ్ము పోసిపోయిన లారీ సంగతి ఉన్నదున్నట్టు రాశాను. ఆ లారీ నెత్తిన నెమలి బొమ్మ ఉందనీ, రంగు రాలిపోయి దానికి ఒక కన్నే మిగిలిందనీ, ఆ ఒక్క కన్నుకూ మా మిద్దె ఆనలేదనీ వెటకారం కూడా ఆడాను. ఎక్కడెక్కడి వాళ్లో చదివి, కళ్లకు కట్టావమ్మా అన్నారు. మంచి బ్లాగంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. లోకం గురించి ఎవరైనా రాస్తారు, మా మిద్దె గురించి నేనే రాయాలి.

ఇంతకీ ఆ నెమలి లారీ మా బావది, అంటే మా ఆయన అన్నది. తరాలుగా సేద్యం చేసుకునే ఇంటికి మైన్స్ గాలి తగిలి, ఆయన కూడా లారీ కొన్నాడు.

మరి భయం వేయలేదా అంటే, లేదు. మా ఊళ్లో నోరు తెరిస్తే తెలుగే గాని, చదువులన్నీ కన్నడంలోనే. మా బావ తెలుగులో పూటంతా పోట్లాడగలడు, తెలుగులో ఒక బోర్డు మాత్రం చదవలేడు. మా ఆయనా అంతే. అనంతపురం వైపు నుంచి వచ్చిన కోడలిని కాబట్టి, ఆ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నా ఒక్కదానికే. ఇంకేం, తెలుగులో రాస్తే పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే అనుకున్నాను. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా అలాగే అనుకుంటుంది.

కాలువ కింద వరి పండించడానికి వలసొచ్చిన కోస్తావాళ్ల ఊరు ఒకటి, క్యాంపు అంటాం, మాకు దగ్గర్లోనే ఉంది. వాళ్లు తెలుగు చక్కగా చదువుతారు. అది నాకు గుర్తుకు రాలేదు చూడండి! ఆ క్యాంపు పెద్దమనిషి ఒకాయన నా రాతను ప్రింటు తీసుకొచ్చి, టీ హోటల్లో అందరికీ వినబడేలా చదివాడట. నెమలి దగ్గరికి వచ్చేసరికి హోటలంతా ఒకటే నవ్వులట. మా బావ అక్కడే టీ తాగుతున్నాడు. ఆ ఇంట్లో తెలుగు రాసేదెవరో కనిపెట్టడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

మా ఇళ్లలో తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు. ఏం చెప్పినా అత్తకు చెప్తాడు, పక్కనే ఉన్న నేను వినాలి. ఆ రోజూ అంతే.

"అమ్మా, ఆయమ్మకు చెప్పు. రాసిందంతా తీసేయల్ల. తీయకపోతే ఆ కంప్యూటర్ ఈ ఇంట్లో ఉండేది ల్యా."

"అత్తా, నేను ఎవరి పేరూ రాయల్యా అని చెప్పు."

"పేరెందుకమ్మా? ఒంటికన్ను నెమలి అని రాసినంక గుర్తుపట్టనోడు యాడుండాడు? రేపు నాకు లోడు ఎవడిస్తాడు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమెందుకో అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మా ఆయన కన్నడ పేపరు వెనకాల తల దాచుకున్నాడు, మహానుభావుడు! ఈ ఒక్కటి తీసేస్తే ఇంక దేని గురించీ రాయడానికి నాకు చెయ్యి రాదని గట్టిగా తెలుసు. తీయనని అత్తకు చెప్పాను.

అత్త పెద్దకొడుకు వైపు చూసింది. "ఉండప్పా, ఏం రాసిందో నేనూ విననీ. చదువు మే."

కంప్యూటర్ ముందు కూర్చుని చదివాను. బావ గడప దగ్గర నిలబడ్డాడు. వడియాల ముక్క బాగానే చదివాను. నెమలి వెటకారం దగ్గరికి వచ్చేసరికి తడబడ్డాను. రాసేటప్పుడు ముద్దొచ్చిన మాట, ఆ మనిషి ఎదురుగా ఉంటే నాలుక మీదికి రానంది. అయినా చదివాను. ఆయన తల దించుకున్నాడు. పాపం అనిపించింది, కానీ దుమ్ము మీద కోపం పిసరంతైనా తగ్గలేదు.

అప్పుడు అత్త అంది. "నా సండిగల గురించి ఒకరన్నా మాట్లాడినారు. ఇన్నాళ్లూ పారబోస్తాంటే ఏందని అడిగినోడు ల్యాకపాయె. మే, ఆ నెమలిని తీసెయ్, నలుగురిలో నా కొడుకును నవ్వులపాలు చేయొద్దు. దుమ్ము మాత్రం తీయొద్దు. ఇంగోటి, పేరు దాచిపెట్టుకుని రాసేదేంది, దొంగ మాదిరి? కంప్యూటర్ యాడికీ పోదు."

అప్పటికప్పుడే నెమలిని తీసేశాను. ఆ చోట 'మా ఇంటి లారీ' అని రాశాను. మారుపేరు కొట్టేసి నా పేరు పెట్టాను, ముందర ఇంటిపేరుతో సహా. పుట్టింటిది కాదు, ఈ ఇంటిదే. మార్చిందంతా గట్టిగా చదివి వినిపించాను. అప్పటినుంచి నాకు అదే కొలత. ఎవరి గురించి రాశానో వాళ్ల ఎదుట చదవగలిగితేనే లోకం ముందు పెడతాను.

బావ గడప దాటబోయి ఆగాడు. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి నా ముఖం చూసి మాట్లాడాడు.

"టార్పాలిన్ కప్పినామని గూడా రాస్తావామ్మా?"

"కప్పినంక రాస్తా, బావా."