తెరుచుకోని వెనక తలుపు

రక్షణశాఖ ఆఫీసు వెనక ఉన్న రేకుల షెడ్డులో ఆయన ముప్పై ఏళ్ళు చెక్కబొమ్మలు చేశాడు. ఏ ఓడ కట్టాలన్నా, సైన్యానికి ఏ బండి కొనాలన్నా ముందు దాని బొమ్మ ఆయన బల్ల మీదే పుట్టాలి. పెద్దలు దస్తాలకొద్దీ కాగితాలు చదవరు, బొమ్మను చేత్తో తడిమి తల ఊపుతారు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఆయన్ని మాత్రం బొమ్మల మేస్త్రి అనేవాళ్ళు.

ఆ ఏడాది దేశానికి సముద్రం మీద మోజు పుట్టింది. నౌకాదళం పెద్ద యుద్ధనౌక కావాలంది. సైన్యమేమో కాలం చెల్లిన కవచ బండ్లు మార్చి తీరాలంది. రెండూ ఒకే ఏడాది కుదిరేవి కావు, ఏది ముందో కమిటీ తేల్చాలి. రెండు బొమ్మలూ మేస్త్రి నెత్తినే పడ్డాయి.

మేస్త్రికి ఒక్కడే కొడుకు. సైన్యంలో అలాంటి పాత బండికే డ్రైవరు. సెలవుకి వచ్చినప్పుడు షెడ్డుకొచ్చి కొత్త బండి నక్షా మీద వంగి చూశాడు.

"నాన్నా, మా బండికి వెనక తలుపు బిగుసుకుపోతుంది. లోపల్నించి ఎంత తన్నినా రాదు. దీనికైతే మీట లాగితే చాలు. బొమ్మకి ఆ తలుపు తెరుచుకునేట్టు పెట్టు. చూస్తే వాళ్ళకే అర్థమవుతుంది."

"పెడతాలేరా. నాకు పని నేర్పుతున్నావా?"

"నీకు నేర్పే మొనగాడెవడు! మర్చిపోకు, అంతే."

ఆయన మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇంత ఏడుపు ఉండేది కాదు. ఓడ మీద మనసు పారేసుకున్నాడు. గుండుసూదులు వంచి కటకటాలు చేశాడు, దారంతో నిచ్చెనలు అల్లాడు, పొగగొట్టానికి ఏడు పూతలు వేశాడు. బండిదేముంది, నాలుగు పలకల పెట్టె! రేపు కమిటీ అనగా దానికి చక్రాలు తగిలించి, వెనక తలుపు ఉండాల్సిన చోట పెన్సిల్‌తో గీత గీశాడు. ఈమాత్రం చాల్లే అనుకున్నాడు.

మర్నాడు బొమ్మలు కమిటీ గదిలోకి మోసుకెళ్ళి గోడవారగా నిలబడ్డాడు. పెద్దలు ఓడ మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయారు. కమిటీ అధ్యక్షుడు కటకటాలను వేలితో తాకి "అబ్బ, ఏం పనితనం!" అన్నాడు. మేస్త్రి పొంగిపోయాడు, ఆ మాట దాచడమెందుకు? తర్వాత సైన్యం తరఫున కల్నల్ లేచి, "ఈ బండికి వెనక తలుపే ప్రత్యేకం సార్" అన్నాడు. అధ్యక్షుడు గోటితో లాగబోయాడు. గీత చెరిగింది.

"ఇది తెరుచుకోదుగా!" అన్నాడు. గదంతా నవ్వింది. ఓడ ముందు, బండ్లు మూడేళ్ళ తర్వాత అని తేలిపోయింది.

రెండో వానాకాలంలో కొడుకు బండి వాగు దాటుతూ పక్కకి ఒరిగింది. ఎక్కిదిగే పైమూత బురదలో కూరుకుపోయింది, బయటపడ్డానికి ఇక వెనక తలుపే మిగిలింది. ఆ కబురు చెప్పడానికి కల్నలే ఇంటికి వచ్చాడు.

"తలుపు తన్నలేదా బాబూ? మావాడు బలమైనవాడు కదా" అంది తల్లి.

"తన్నాడమ్మా. చాలాసేపు తన్నాడు."

అప్పట్నించీ ఆమె కమిటీని తిట్టని రోజు లేదు. కొత్త బండి ఎందుకు వద్దన్నారో ఒక్కడైనా చెప్పాలి కదా అని భర్తనే అడిగేది. ఆయన చెప్పులేసుకుని షెడ్డుకి బయల్దేరేవాడు. కమిటీ తప్పు కమిటీదే, కాదనం. కానీ ఆ పెన్సిల్ గీత గీసిన చెయ్యి ఎవరిదో ఆయనకి తెలుసు.

ఒకరోజు షెడ్డులో అటక మీంచి ఆ బండి బొమ్మ దించాడు. పొద్దున్నే కూర్చుని గీత వెంట సన్నరంపంతో కోశాడు, చిన్న బందులు బిగించాడు, తీగతో మీట పెట్టాడు. భోజనాల వేళకి ఇంటికి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

ఆమె మీట లాగింది. తలుపు తెరుచుకుంది. మూసి మళ్ళీ లాగింది.

"దీనికి చాలా రోజులు పట్టిందా?"

"లేదే" అన్నాడు ఆయన. "ఒక్క పూట."