కొబ్బరికాయ వద్దన్న పాస్టరుగారు

మొన్న త్రిత్వ ఆదివారం నాడు, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు గుడిలో తెర దించి కొబ్బరికాయ బొమ్మ వేసి, పెంకు తండ్రి, కొబ్బరి కుమారుడు, నీళ్లు పరిశుద్ధాత్మ అని చెబుతుంటే నాకు నవ్వాగలేదు. పక్కనున్న మా కోడలు మోచేత్తో పొడిచింది. ఏం చెయ్యను, మా ఇంట్లో ఆ కాయను కూరలోకి తప్ప త్రిత్వంలోకి రానిచ్చేవారు కాదు మరి!

మా ఆయన కూడా ఈ రాజోలు చుట్టుపక్కల ఆంగ్లికన్ సంఘాల్లో పాస్టరే. మన ఈడువాళ్లకు ఆయన తిరిగిన సైకిలు గుర్తుండే ఉంటుంది. పొద్దున ఒక ఊళ్లో ఆరాధన, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో సమాధి ప్రార్థన, సాయంత్రం ఎవరింట్లోనో మొగుడూ పెళ్లాల తగువు తీర్చడం, మధ్యలో తీరిక దొరికితే త్రిత్వం మీద పుస్తకం రాయడం. ఏడో తరగతిలో బడి మానేసిన నేను దానికి పరీక్షాధికారిని. నేను కొబ్బరి కోరుతుంటే ఎదురుగా పీట వేసుకుని రాసిన పేజీ చదివేవారు, నాకు ఆవలింత వస్తే ఆ పేజీ కొట్టేసేవారు. ముగ్గురు పిల్లల తల్లిని, కొన్ని ఆవలింతలు ఉత్త నిద్రలేమివే, ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్క దేవుడే ఎలాగో చెప్పే పోలిక దగ్గర పుస్తకం ఆగిపోయింది. సంఘంలో ఎవరిని అడిగినా కొబ్బరికాయే చూపించేవారు, కోనసీమలో ఇంకేం చూపిస్తారు! కాయ పగిలితే ముక్కలవుతుంది, దేవుడు ముక్కలు కాడు అని ఆయన ఒప్పుకునేవారు కాదు. గోదావరి పాయలన్నా అదే మాట. ఏళ్లు గడిచాక ఒకరోజు, నాకే అర్థం కానిది ఊరికేం చెబుతానంటూ నోటుపుస్తకాలన్నీ తెచ్చి నీళ్లపొయ్యి ముందు పెట్టారు. నేను చేతిలో కొబ్బరిచిప్ప పక్కన పెట్టి అడిగాను.

“ఏవండీ, నన్ను చేసుకుని పదిహేనేళ్లయింది కదండీ, నేను మీకు అర్థమయ్యానా?”

“లేదోయ్,” అన్నారు, అబద్ధమాడలేక.

“మరి నన్నూ పొయ్యిలో పెట్టేస్తారాండీ? అర్థం కాకుండానే కాపురం చెయ్యట్లేదేంటి!”

ఆయన పొయ్యి ముందే కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, పుస్తకాలను మళ్లీ లోపలికి మోసుకుపోయారు. పోలికలన్నీ తీసేసి, అంతా తెలిశాకే ప్రేమించాలంటే మనిషినైనా ప్రేమించలేమని ఆఖరి అధ్యాయం రాశారు. ఆ మాట ఒక పండితురాలు చెప్పిందని అచ్చు వేయించారు కూడా.

ఆయన ప్రభువు దగ్గరకు వెళ్లి ఆరేళ్లు. ఇప్పుడు గుడిలో మైకులు, తెరలు, చకచకా మారే బొమ్మలు. కుర్ర పాస్టరుగారు చక్కగానే చెబుతారు, కాకపోతే వాళ్లావిడకు ముందుగా చదివి వినిపించారో లేదో. మా ఇంట్లో కొబ్బరి ఇప్పుడు మిక్సీలోనే తిరుగుతుంది, ఎదురుగా పీట లేదు. అయినా ఆవలింత వస్తే ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను, ఎక్కడ ఏ పేజీ కొట్టేస్తారోనని.