చందమామ మీద సౌండు

1963 ఎండాకాలం. మైపాడు ఇసుకలో మా టూరింగ్ టాకీసు డేరా వేశాం. నేను ఆపరేటర్ని, అంటే ప్రొజెక్టర్ మీద రీళ్ళు ఆడించేవాణ్ణి. ఆ వారం వచ్చిన బొమ్మ రాకెట్లో చంద్రుడి మీదికి పోయే కథ, డబ్బింగు.

నాకు సైన్సు పిచ్చి. నెల్లూరు లైబ్రరీలో దొరికిన సైన్సు పుస్తకాలన్నీ నమిలి మింగేశాను. ఈ బొమ్మలో చంద్రుడి మీద కొండరాళ్ళు పగిలితే ధనధనమని చప్పుడు! గాలే లేనిచోట చప్పుడెక్కడిది? ఆటాటకీ ఆ సీను రాగానే నాకు ఒళ్ళు మండిపోయేది. ఓనరుగారి దగ్గర మొత్తుకున్నాను.

"తీసినోళ్ళకు లేని బాధ నీకేంది దావీదూ? బొమ్మ ఆడించు, చాలు" అన్నాడాయన.

నేను ఊరుకునే రకమా? ఆయన నెల్లూరు పోయిన రోజు, మొదటి ఆటకు ముందు మైకు పట్టుకున్నాను. "చంద్రుడి మీద గాలి ఉండదు, చప్పుడూ ఉండదు. ఆ సీన్లో సౌండు కట్టేస్తా. అందరూ గమ్మున చూడండి. ఇది సైన్సు!" అన్నాను. నేల టిక్కెట్టు జనం చప్పట్లు కూడా కొట్టారు.

పోలయ్య తాత ఆ తర్వాత వచ్చాడు. ఒకప్పుడు సముద్రం మీద చేపల వేటకు పోయిన మనిషి. చూపు పోయి చాన్నాళ్ళయింది. వినికిడీ తగ్గుతూ వస్తోంది, అదీ పోతే తన గతేమిటని ఆయనకు ఒకటే దిగులు. భార్య మంగమ్మ రోజూ ఆయన్ని తీసుకొచ్చి, స్పీకరు పెట్టెకు ఆనించి కూర్చోబెట్టి, తను ఆడవాళ్ళ వైపు పోయేది. విన్న బొమ్మే అయినా రోజూ మొత్తం వినేవాడు.

రాకెట్టు చంద్రుడి మీద దిగింది. ఫేడరు, అంటే సౌండు పెంచి తగ్గించే మీట, సున్నాకి తిప్పాను. డేరాలో ఒక్కరు కిక్కురుమంటే ఒట్టు. ఎంత మురిసిపోయానో!

అంతలో కేక.

"ఒరే, ఎవురన్నా పలకండ్రా! నా చెవులు గూడా పోయినాయిరా! మంగా, యాడుండావే?"

బొమ్మ ఆపి పరుగెత్తాను. తాత రెండు చేతులతో చెవులు బాదుకుంటున్నాడు. మంగమ్మ అప్పటికే వచ్చి ఆయన తలను గుండెకు అదుముకుని, "ఈడనే ఉండాను, ఈడనే ఉండాను" అని చెవిలో అరుస్తోంది.

"నీ చెవులు బాగానే ఉండాయి తాతా! నేనే సౌండు ఆపేసినా" అని నేనూ అరిచాను. ఎందుకు ఆపానో కూడా చెప్పాను.

ఆయన ఊపిరి తిప్పుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గాలి లేదు, సరే నాయనా. నిన్న ఈ సీన్లోనే ఆ రాకెట్టు పిలకాయలు మాట్లాడుకున్నారు గదా. వాళ్ళకు ఇనపడేది మాకెందుకు ఇనపడగూడదు?"

వాళ్ళ గాజు టోపీల్లో రేడియోలుంటాయి, ఒకరి మాట ఒకరికి వినపడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. రాళ్ళ చప్పుడు మీద కోపంతో మనుషుల మాటలు కూడా నొక్కేశాను. చుట్టూ జనం నన్నే చూస్తున్నారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ రీలు మొదటినుంచీ మళ్ళీ ఆడించాను. చంద్రుడి సీను నడిచినంతసేపూ తాత స్పీకరు పెట్టె మీద అరచెయ్యి తియ్యలేదు. అది అదురుతోందో లేదో చేత్తో చూసుకుంటున్నాడు, చెవిని నమ్మలేక.

బొమ్మల్లో తప్పులు ఇప్పటికీ కంటపడతాయి, ఒళ్ళూ మండుతుంది. మండనీ. ఇంకొకరి చెవిన పడే మాటను ఆపే హక్కు నాకు లేదని ఆ రోజు తెలుసుకున్నాను. అంతమాత్రం తెలియడానికి ఒక ముసలాయన అంత భయపడాల్సి వచ్చింది.