తువ్వాలు కింద సముద్రం

పై అంతస్తులో ఉండే భాయ్ సాబ్ ఆ శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన చంకలో కిచెన్ తువ్వాలు చుట్టిన మూట ఒకటి ఉంది. దాన్ని ఆయన పట్టుకున్న తీరు చూసి మా ఆవిడ ఇనప గేటు తాళం తీయాలా వద్దా అని నా వంక చూసింది. గోల్కొండ నుంచి వజ్రం ఎత్తుకొచ్చి సింగపూర్‌లోని మా బెడోక్‌లో దాచుకోవడానికి చోటు వెతుకుతున్న మనిషిలా నిలబడ్డారాయన.

"మియా, ఇంట్లో ఇంకెవరన్న ఉన్నరా?" అన్నారు గుసగుసగా.

"మేమే ఉన్నామండీ."

"కిటికీ మూసెయ్."

మా కిటికీకి ఎదురుగా ఉన్నది పక్క బ్లాకువాళ్ళు ఆరేసిన బట్టలు. వాటిలో ఒక నల్ల ప్యాంటు మా వైపు తిరిగి ఉన్న మాట నిజమే. మూసేశాను.

సైన్స్ పార్కులో ఉద్యోగమని ఒకసారి లిఫ్టులో నోరు జారినందుకు, మా బ్లాకులో మీట ఉన్న ప్రతి వస్తువుకూ వైద్యం నేనే చేయాలి. రైస్ కుక్కర్లు, మసాజ్ కుర్చీలు, ఒకసారి ఒక చైనీస్ ఆంటీ చెవి మిషన్ కూడా చూశాను. కానీ రోగిని తువ్వాలు కింద దాచిపెట్టి మందు రాయమన్నది భాయ్ సాబ్ ఒక్కరే.

మూటలో ఉన్నది చేతిలో పట్టుకునే పాత జీపీఎస్ యంత్రం. సముద్రంలో దారి చూపేది. బరువు పచ్చడి రోలంత, వయసు నా ఉద్యోగమంత. దీవికి ఆ చివర, జురాంగ్ ఈస్ట్ అవతల ఓడల యార్డులో భాయ్ సాబ్ ఇంజనీరుగా చేసిన కాలంలో, ప్రతి ఆదివారం బోటు అద్దెకు తీసుకుని గాలం వేయడానికి వెళ్ళేవారట. చేప పడిన చోటల్లా ఒక మీట నొక్కేవారు. ఆ చోటు యంత్రంలో గుర్తుగా ఉండిపోయేది. ఇక్కడి తిండి బజారు హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఈ సీటు నాది అని 'చోప్' చేసుకున్నట్టు సముద్రాన్ని చోప్ చేసుకునే వీలుంటే ఆయనకు ఈ యంత్రంతో పనే ఉండేది కాదు. బోటువాడికి కూడా "ఎడమకు, కుడికి, ఆపు" అని తప్ప ఇంకో ముక్క చెప్పేవారు కాదు.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా ఏమిటంటే యంత్రం తెర సగం చచ్చిపోయింది. పైసగం తెల్లగా పాలిపోయి, గుర్తుల పేర్లు కనబడటం లేదు. అది పూర్తిగా పోయేలోపు లోపలున్నవన్నీ కంప్యూటర్‌లోకి లాగాలి. దానితో మాట్లాడటం తెలిసిన పాత కంప్యూటర్ కన్ను మూసింది. పిల్లలు కొనిచ్చిన కొత్త ల్యాప్‌టాప్ దీన్ని చూసి "నువ్వెవరు?" అంటోంది.

"ఇంత తొందరేమిటండీ ఇప్పుడు?" అన్నాను.

భాయ్ సాబ్ ముఖం వాడిపోయింది. "రేపు ఆదివారం గాదు, ఆపై ఆదివారం. మీ ఆపా బోటు ఎక్కుతా అన్నది."

ఆపా అంటే భాయ్ సాబ్ భార్య. ఎందుకు ఎక్కుతానందో ఆమె నోటే విన్నాను, మర్నాడు వాళ్ళింట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు.

"భయ్యా, నువ్వే చెప్పు," అంది ఆపా చాయ్ కప్పు పెడుతూ. "ఇన్నేండ్లు ఈయన సముద్రంల పట్టిన అని చేపలు తెచ్చేటోడు. అన్నీ బెడోక్ మార్కెట్ సంచీల. పొలుసు తీసి, కడుపు కోసి, ముక్కలు గొట్టి. సముద్రంల చేప పొలుసులు తీయించుకుని వస్తదా?"

"ఇంట్ల పొలుసు పడితే నువ్వు కొడతవ్ అని మార్కెట్ల చేయించుకొచ్చిన!" అన్నారు భాయ్ సాబ్.

"హౌ. మార్కెట్లనే కొనుక్కొచ్చినవ్. ఆదివారాలు ఏడికి పోయేటోడివో నాకేం ఎరుక?"

కాబట్టి ఒప్పందం ఇది. ఆపా బోటులో వస్తుంది. ఆయన చోటు ఆయన చూపించాలి. అక్కడ చేప పడితే అన్నేళ్ళ ఆదివారాలకూ ఆమె మాఫీ ఇస్తుంది. పడకపోతే గాలాలన్నీ వంటింటి గోడలోని చెత్త గొట్టంలోంచి కిందికి పోతాయి, ఇంట్లో మళ్ళీ చేప మాట ఎత్తకూడదు. ఒక మనిషి పరువు మొత్తం ఆ పచ్చడి రోలులో ఇరుక్కుని ఉంది.

యంత్రం వీపున గుండ్రటి రంధ్రం. దానిలోకి దూరే వయరు విప్పితే బెడోక్‌లో మొదలై జురాంగ్ ఈస్ట్‌లో రైలు దిగేటంత పొడవుంది. ఆ చివర పలువరస లాంటి వెడల్పాటి మూతి. అంత మూతి పట్టే రంధ్రం ఈ కాలం ల్యాప్‌టాప్‌లకు ఉండదు. అందుకని మధ్యలో ఇంకో తోక తగిలించాలి, అటు పాత మూతి, ఇటు యూఎస్‌బీ. ఆ తోక భాయ్ సాబ్ దగ్గరే ఉంది. ఆయన ఏదీ పారేయరు, అనుమానాలతో సహా.

తగిలించాను. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వెంటనే పసుపుపచ్చ త్రికోణం ఒకటి ఎత్తి చూపించి, ఈ తోకలోని చిప్పు చాలా పాతది, నేను పలకరించను, అమ్మినవాణ్ణి అడగండి అంది. అంత మర్యాదగా నన్ను ఎవరూ గెంటలేదు.

"అంటే నకిలీదా?" భాయ్ సాబ్ కళ్ళు చిన్నవయ్యాయి. "అమ్మినోడు మోసం చేసిండా? లేకపోతే నువ్వు ఏమన్న నొక్కినవా?"

"నేనింకా కుర్చీలో సర్దుకుంటున్నానండీ."

తోక మంచిదే. కంప్యూటర్‌కూ తోకకూ మధ్య దుబాసీ పని చేసే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది, డ్రైవర్ అంటారు. కొత్త దుబాసీకి పాత చిప్పు మాట అర్థమవుతుంది కానీ అర్థం కానట్టు నటిస్తాడు. పాత దుబాసీని వెతికి, చేతితో ఎంచి కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టాను. త్రికోణం పోయింది. చాయ్ రెండు గుక్కలు తాగి చూసేసరికి మళ్ళీ వచ్చింది. నా వీపు వెనక ఇంటర్నెట్‌లోంచి కొత్త దుబాసీని పిలిపించుకుని, పాతవాణ్ణి కుర్చీలోంచి లేపేసింది ఆ సిస్టమ్. ఆ క్షణాన నాకూ అనుమానం పట్టుకుంది. ఇది యంత్రం చేసే పని కాదు, మా ఆఫీసులో మేనేజర్లు చేసే పని.

వైఫై ఆపేశాను. పాత దుబాసీని మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి కన్నార్పకుండా కాపలా కాశాం, అటు నేను, ఇటు భాయ్ సాబ్. ఆయన ల్యాప్‌టాప్‌ను కాస్తున్నారో నన్ను కాస్తున్నారో చెప్పలేను.

అసలు తమాషా తర్వాత మొదలైంది. యంత్రంలో ఒక సెట్టింగ్ మార్చాలి. అది మామూలుగా "నేనిక్కడున్నా, నేనిక్కడున్నా" అని ఆగకుండా చెప్పుకుపోతుంది. దాన్ని నోరు మూయించి, అడిగినదానికి జవాబు చెప్పే పద్ధతిలో పెట్టాలి.

"ఇటివ్వండి, పెడతాను."

"నక్కో, ఇయ్యను." యంత్రం మళ్ళీ తువ్వాలు కిందికి పోయింది. ఆయన తల కూడా దానితోపాటే పోయింది. "నువ్వు చెప్పు, నేను నొక్కుత."

"మెనూ నొక్కండి."

"నొక్కిన."

"ఏం వచ్చింది?"

"నీకెందుకు?"

"భాయ్ సాబ్, ఏం వచ్చిందో చెబితేనే కదా తర్వాత ఏం నొక్కాలో చెప్పేది!"

తువ్వాలు కాసేపు ఆలోచించింది. "ఒక గుర్తు వచ్చింది. పక్కన అంకెలున్నయ్. అంకెలు చెప్పను."

"అది కాదండీ, వెనక్కి రండి. సెటప్ అని ఉంటుంది."

"పైన ఏం కనిపిస్తలేదు, తెల్లగున్నది."

"అయితే కింది బాణం నొక్కుతూ పోండి."

"నొక్కిన. ఇంకొక గుర్తు వచ్చింది. ఇది కూడా చెప్పను."

వంటింట్లోంచి ఆపా గొంతు వచ్చింది. "తువ్వాలు నాది! కూర దించనీకి చేతిగుడ్డ లేదు ఈడ!"

రెండో తువ్వాలు లేని ఇంట్లో ఇంత పెద్ద ఆపరేషన్ జరగడం ప్రమాదమే. ఆ తువ్వాలు కింద సముద్రం అంతా తిరిగి, రెండుసార్లు భాషను ఫిన్నిష్‌లోకి మార్చి, ఎట్టకేలకు ఆయన సరైన సెట్టింగ్ మీద వాలారు. ల్యాప్‌టాప్‌లో చిన్న గీత కదిలింది. గుర్తులు ఒక్కొక్కటే దిగసాగాయి. అది చూసి నేను ముందుకు వంగానో లేదో భాయ్ సాబ్ ల్యాప్‌టాప్‌ను గిర్రున తన వైపు తిప్పేసుకున్నారు. నేను దాని మూత వెనక అట్టను చూస్తూ కూర్చున్నాను.

వైఫై లేకపోయినా ల్యాప్‌టాప్‌లో ముందే దించి పెట్టిన సింగపూర్ మ్యాపు ఉంది. గుర్తులు దాని మీద పరుచుకున్నాయి. భాయ్ సాబ్ చూశారు. దగ్గరగా చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆ చూపుకు చేప అయితే అక్కడికక్కడే పొలుసులు విదిలించేసేది.

"మార్చేసినవ్!"

"ఏం మార్చానండీ?"

"అన్నీ నేల మీద పడ్డయ్! ఇదొకటి బెడోక్ మార్కెట్ పక్క హాకర్ సెంటర్ల ఉన్నది. ఇది బస్సుల కాడ. ఇది మన బ్లాకు మీదనే! నా చోట్లు నువ్వు దాచిపెట్టుకుని, నాకు దొంగవి చూపిస్తున్నవ్!"

ఆపా గరిటెతో వచ్చి మ్యాపు చూసింది. హాకర్ సెంటర్ మీది గుర్తును గరిటెతో తాకింది. "ఇంకేం కావాలె. మిషన్ కూడా గదే చెప్తుంది. చేపలు మార్కెట్ నుంచే వచ్చినయ్."

ఆ మాటతో భాయ్ సాబ్ కుర్చీలో కూలబడ్డారు. నేను లేచి ఇంటికి పోదామనుకున్నాను. ఎంత వెక్కిరించుకునే మనిషికైనా దొంగ అనిపించుకోవడం హాయిగా ఉండదు. కానీ ఆయన ముఖం చూస్తే కోపం నిలవలేదు. పైగా ఒక సంగతి నన్ను ఆపింది. అన్ని గుర్తులూ ఒక్కుమ్మడిగా నేల మీదికి ఎక్కాయి. నా తప్పో కంప్యూటర్ తప్పో అయితే కొన్ని మలేసియాలో, కొన్ని ఆకాశంలో పడాలి. ఇవి పెళ్ళి బస్సు దిగినట్టు కట్టకట్టుకుని బెడోక్‌లో దిగాయి. దీని వెనక యంత్రం కాదు, మనిషి ఉన్నాడు.

"భాయ్ సాబ్," అన్నాను మెల్లగా, "ఈ అంకెలను మీరు గానీ ఎప్పుడైనా ముట్టుకున్నారా?"

ఆయన చాయ్ కప్పు ఎత్తి ఒక గుక్క తాగబోయారు. చాయ్ ఎప్పుడో అయిపోయింది.

"మోకాలు ఆపరేషన్‌కు పోయేటప్పుడు," అన్నారు చివరికి. "నేను ఆస్పత్రిల పడుకుంటే ఇంటికి వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు ఎవడన్న చూస్తడని... అన్నిట్లకెళ్ళి కొంచెం కొంచెం తీసేసిన. దక్షిణానికి జరిపిన."

"ఎంత తీశారు?"

"అన్నిట్ల ఒకటే. ఎంతనేది యాదికొస్తలేదు."

ఆపా గరిటె బల్ల మీద పెట్టి, నవ్వాలా కొట్టాలా అని ఆలోచిస్తూ నిలబడింది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆయన బోటు ఎక్కనే లేదు. దొంగల కోసం తవ్విన గోతిలో ఇన్నేళ్ళ తర్వాత తనే దిగి కూర్చున్నారు.

"ఒక దారి ఉందండీ," అన్నాను. "వీటిలో అందరికీ తెలిసిన చోటు ఏదైనా ఉందా? బోటు ఎక్కే జెట్టీ లాంటిది? దాన్నీ జరిపారా?"

"జరిపిన. అది తెలిస్తే అన్నీ తెలుస్తయ్ గదా."

"అదే మనకు కావలసింది. అసలు జెట్టీ మ్యాపులో ఉంది. మీ జెట్టీ ఎంత దూరం జరిగిందో చూస్తే, మిగతావన్నీ అంతే పైకి నెట్టొచ్చు. ఏ గుర్తో చెప్పండి."

ఆయన గుర్తులకు వంటకాల పేర్లు పెట్టుకున్నారు. హలీం, ఖీమా, నిహారీ. ఆరు అక్షరాలు దాటితే ఆ యంత్రానికి మింగుడు పడదు, లేకపోతే డబల్ కా మీఠా కూడా ఉండేది. ఏది దేనికో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. అన్నేళ్ళలో భార్యకు చెప్పనిది నాకు చెప్పాలి. ఆపా వైపు ఒకసారి చూశారు, చెత్త గొట్టం వైపు ఒకసారి చూశారు.

"చాయ్," అన్నారు.

"ఇంకా కావాల్నా?" అంది ఆపా.

"కాదు. జెట్టీ పేరు చాయ్. ఆడ చాయ్ తాగి ఎక్కుత." అని ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పారు. తువ్వాలు మడిచి ఆపా చేతిలో పెట్టారు.

చాయ్‌ను జెట్టీ దాకా నెట్టాను. దానితోపాటు హాకర్ సెంటర్, బస్సులు, మా బ్లాకు అన్నీ లేచి, ఉత్తరాన ఉన్న ఉబిన్ దీవి చుట్టూ నీళ్ళలోకి దూకాయి. సరిచేసిన గుర్తులను అదే వయరు మీదుగా యంత్రంలోకి తిప్పి పంపాను. ఫోన్‌లో పెట్టుకోండి అంటే ఆయన ఒప్పుకోలేదు. ఫోన్ అందరికీ చెప్పేస్తుందట. యంత్రం కింది సగంలో దారి చూపే బాణం ఇంకా బతికే ఉంది, అది చాలన్నారు.

ఆదివారం నన్ను కూడా బోటెక్కించారు. కృతజ్ఞతతో కాదు. "నువ్వు ఒడ్డు మీద ఉంటే నాకు టెన్షన్" అని. పైగా ఎక్కడికి పోతున్నామో తెలియకుండా వెనక్కి తిరిగి కూర్చోమన్నారు. సింగపూర్ నా కళ్ళముందే చిన్నదైపోతుంటే, వీపుతో ప్రయాణం చేశాను. బోటు నడిపే చైనీస్ అంకుల్ నన్ను చూసి, "దిస్ వన్ సీసిక్, ఆ?" అన్నాడు. "నో లా, హీ ఈజ్ కంప్యూటర్" అన్నారు భాయ్ సాబ్, అదేదో రోగమైనట్టు.

బాణం ఆగింది. ఆ చోటు పేరు నిహారీ. గాలాలు పడ్డాయి. ఎండ నెత్తి మీద పెనంలా కూర్చుంది. ఏమీ పడలేదు. భాయ్ సాబ్ యంత్రాన్ని చూస్తారు, నన్ను చూస్తారు, నీళ్ళను చూస్తారు, ముగ్గురం కలిసి కుట్ర చేసినట్టు. ఆపా విసుగొచ్చి ఆయన చేతిలో గాలం లాక్కుంది. "ఇటు తే. పట్టుకోనీకి కూడా రాదు."

ఆమె చేతిలోకి వచ్చాక కొంతసేపటికి కర్ర వంగింది. ఎంత వంగిందంటే బోటు కూడా మర్యాదగా అటు వాలింది. మా కృష్ణా జిల్లాలో పండుగప్ప అంటాం, ఇక్కడివాళ్ళు సియాకప్ అంటారు, అది పైకొచ్చింది. ఒంటినిండా పొలుసులు, వెండి కాసుల దండ వేసుకున్నట్టు. బోటులో పడి దబదబ కొట్టుకుని ఆపా సల్వార్ మీద, నా కళ్ళజోడు మీద, అంకుల్ సిగరెట్ మీద పొలుసులు చల్లింది.

ఆపా ఆ పొలుసుల వంక చూస్తూ ఉండిపోయింది. అన్నేళ్ళ ఆదివారాలు భాయ్ సాబ్ భుజాల మీంచి దిగిపోవడం వెనక్కి తిరిగి కూర్చున్న నాక్కూడా తెలిసింది, ఎందుకంటే అప్పటికి నేను ముందుకు తిరిగేశాను.

"ముఖం అటు తిప్పు భయ్యా," అంది ఆపా.

ఇంటికొచ్చాక ఆమె చీకటి పడనివ్వలేదు. చేప సింకులో ఉండగానే నన్ను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. "ఆ గుర్తులు ఈడ ఉన్నయ్ గదా. తీసెయ్."

"తీసేశా ఆపా."

"చెత్తబుట్టలకెళ్ళి గూడ. జరుగు, నేను నొక్కుత. ఈయన అమాయకుడు, అందర్నీ నమ్ముతడు."

భాయ్ సాబ్ అమాయకంగా తల ఊపారు. ఆపా నొక్కిన మీట మీద ఒక పొలుసు అంటుకుని ఉండిపోయింది. యంత్రాన్ని తువ్వాలులో చుట్టి లోపలికి తీసుకుపోయింది. బియ్యం డబ్బాలోకి పోయిందో, ఎక్కడికి పోయిందో ఇప్పుడు భాయ్ సాబ్‌కు కూడా తెలియదని నా అనుమానం.

తర్వాతి ఆదివారం ఇద్దరూ లిఫ్టులో ఎదురయ్యారు. భాయ్ సాబ్ భుజాన పొడుగాటి గుడ్డ సంచి, ఆపా నెత్తిన పెద్ద టోపీ.

"ఎక్కడికండీ ఇంత పొద్దున్నే?"

"మార్కెట్‌కు," అంది ఆపా, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ.

మధ్యాహ్నం దాటాక మాకొక చేప ఇవ్వడానికి వచ్చింది. బెడోక్ మార్కెట్ సంచిలో ఉంది. పొలుసు తీసి, కడుపు కోసి, ముక్కలు కొట్టి.