నిండు బండితో ఘాటు దిగడం

నా చిన్నప్పుడు, మా రెండు జతల ఎద్దులూ ఒకే వానకాలంలో దొడ్డరోగం వచ్చి చచ్చిపోయాక, మా బాపు ఒక పాత జీపు కొందామనుకున్నాడు. ఖానాపూర్‌లో మాది బండ్లు తోలే ఇల్లు. బాపు, ఆయన తమ్ముడు ఇద్దరూ కొండల మీది ఘాటు ఎక్కి బోథ్ వైపు పోయి, అక్కడి జొన్నలూ పత్తీ నింపుకొని కిందికి తెచ్చేవారు. బాపు తమ్ముణ్ని నేను కాక అని పిలిచేదాన్ని. ఆ ఇద్దరికీ అంతకుమించి వేరే పని తెలియదు. ఎద్దులు లేని కొట్టం ముందు పొద్దంతా అలా కూర్చుని ఉండేవారు. ఆ రోజుల్లో మా ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడిగేవారు.

ఆ జీపు నిర్మల్ దగ్గర ఒక కలప గుత్తేదారుది. పోలీసు చర్య అయ్యాక పటాలం వాళ్లు వదిలించుకున్న బండ్లలో అదొకటని చెప్పుకొనేవారు. పటాలం దాన్ని ఎంత తిప్పిందో, ఆ తర్వాత ఈయన అడవిలో దుంగలకు కట్టి ఎంత లాగించాడో దేవుడికే తెలియాలి. మైళ్లు చూపించే అంకెలు చివరిదాకా పోయి మళ్లీ సున్నా నుంచి మొదలయ్యాయని ఆయనే గొప్పగా చెప్పాడట, బండి అదేదో మరో జన్మ ఎత్తినట్టు. వెనక తగిలించడానికి రెండు చక్రాల ట్రాలీ కూడా ఇస్తానన్నాడు. కాక కొన్నాళ్లు అదే గుత్తేదారు దగ్గర లారీ మీద పనిచేసి నడపడం నేర్చుకున్నాడు. ఒకరోజు తీసుకుపోయి లాగించి చూసుకొమ్మంటే, పొద్దున్నే జీపునూ ట్రాలీనీ మా వాకిట్లోకి తెచ్చాడు.

బాపు దాన్ని చూసిన తీరు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎద్దును చూసినట్టే చూశాడు. చుట్టూ తిరిగాడు, వీపు నిమిరినట్టు ముందు రేకును నిమిరాడు, గిట్టలు చూసినట్టు వంగి టైర్లు తట్టాడు. పళ్లు చూసి వయసు చెప్పే మనిషి, ఈ జంతువుకు నోరెక్కడుందో తెలియక వెనక్కి వచ్చి నిలబడ్డాడు. మావాళ్లు ఎద్దును కొనేముందు బండి చక్రాలు తాళ్లతో కట్టేసి లాగించేవారు. తిరగని చక్రాల బండిని కాస్త దూరం ఈడిస్తే ఆ ఎద్దు ఖరారైనట్టే. జీపుకూ అదే పరీక్ష పెట్టారు. ట్రాలీ నిండా వాగు ఇసుక పోసి, చక్రాలు కట్టేసి, కాకను నడపమన్నారు. జీపు పొగ కక్కింది, ముక్కింది, చివరికి నేల చీరుకుంటూ ట్రాలీని ఈడ్చుకుపోయింది. వాడకట్టంతా సంబరపడింది. అవ్వ, అంటే మా అమ్మ, తన వెండి కడియాలు తీసి కొంగున ముడేసుకొని వచ్చి నిలబడింది. ముందుగా ఇవ్వడానికి అవే ఉన్నాయి, మిగతాదానికి వాగు ఒడ్డున ఉన్న చెలక భూమి అమ్మాలి.

మా ఇంట్లో బాపు కంటే పెద్దది మా మేనత్త ఉండేది. భర్త పోయాక పుట్టింటికే వచ్చేసింది. అంతకు చాలా ముందు, వాళ్లమ్మ చనిపోయినప్పుడు, ఇంకా నడక రాని కాకను తన అత్తవారింటికి ఎత్తుకుపోయి పెంచింది కూడా ఆమే. భర్త బతికున్న రోజుల్లో ఆయన బండి వెంట తనూ ఘాటు ఎక్కి దిగిన మనిషి. దిగేటప్పుడు బరువు ఎద్దుల మీదికి తోసుకురాకుండా బండి వెనక ఒక దుంగ కట్టి ఈడ్పించేవారు. ఆ దుంగ వెనకాలే, అవసరమైతే చక్రం కింద పెట్టడానికి రాయి పట్టుకొని ఆమె నడిచేదట. ఆ పొద్దున గుమ్మంలో నిలబడి అంతా చూసింది. పిండి చేతులు కడుక్కొని వాకిట్లోకి వచ్చింది.

"మంచిగనే గుంజుతుంది తమ్మీ," అంది బాపుతో. "కని మనం ఘాటు ఎక్కేటప్పుడు బండి ఖాళీ. నిండేది దిగేటప్పుడు. మీరు గుంజుడు సూసిన్రు, ఆపుడు సూడలే."

కాక బ్రేకు ఉందన్నాడు. మొదటిసారి తొక్కితే కాలు కిందిదాకా పోతుంది కానీ, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పట్టుకుంటుందని, అలవాటైతే ఏం ఫికర్ లేదని చెప్పాడు. బాపు కూడా తలూపాడు. ఆ సంగతి ఆయనకు అప్పటికే తెలుసు. ఏం కాదు, ఏం కాదు అంటున్నాడు.

అత్తమ్మ నన్ను చెయ్యి పట్టి తీసుకుపోయి, చంకల కింద చేతులేసి ఎత్తి, ట్రాలీలో ఇసుక మీద కూర్చోబెట్టింది. చక్రాల తాళ్లు విప్పమంది. మా వాడకట్టు చివర వాగులోకి దిగే బాట బాగా వాలుగా ఉండేది. దానివైపు చెయ్యి చూపించింది.

"గా దిగుడు దించున్రి తమ్మీ. పిల్ల గట్లనే కూసుంటది."

నాకు ట్రాలీ ఎక్కానన్న సంబరం. బాపు నావైపు చూశాడు, దిగుడువైపు చూశాడు, మళ్లీ నావైపు చూశాడు. అంతసేపూ ఏం కాదన్న మనిషి ముఖం పాలిపోయింది. వచ్చి నన్ను దింపి, నా పావడాకంటిన ఇసుక దులిపాడు. జీపును వాపస్ ఇచ్చి రమ్మని తమ్ముడికి చెప్పాడు. అవ్వ కొంగు ముడి విప్పి, అక్కడే కూర్చుని కడియాలు మళ్లీ కాళ్లకు తొడుక్కుంది. నగ దక్కినందుకు సంతోషం లేదు ఆమెకు. ఆ ఏడు ఏం తింటామని ఏడుస్తూ తొడుక్కుంది.

కాకకు కోపం వచ్చింది. సొంత బండి తోలినవాళ్లం ఒకరి బండి మీద కూలికి పోదామా అని అడిగాడు. చెలకలో తన పాలు తనకిస్తే జీపు తనే కొనుక్కుంటానన్నాడు. బాపు బతిమాలాడు, తిట్టాడు, నీకేమైనా అయితే ఎట్లా అన్నాడు. అంతకు ముందటేడే కాక భార్య కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. బాపు ప్రశ్నకు కాక నవ్వాడు.

"అక్క నీ బిడ్డను ఎక్కించింది, నువ్వు ఆగినవు. ఎక్కించనీకి నాకెవరున్నరన్నా? నేనొక్కన్నే గద."

ఆ మాటకు అవ్వ లోపలికి వెళ్లిపోయింది. అత్తమ్మ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

కాక జీపు కొన్నాడు. ఆ చలికాలమంతా అది బాగానే నడిచింది. అదే మా ఖర్మ. మొదటి వారంలోనే ఎక్కడో ఆగిపోయి ఉంటే అమ్మేసి ఉండేవాడు. బాపు పరాయి బండ్ల మీద కూలికి పోతుంటే, కాక నిండు ట్రాలీతో ఘాటు దిగి వచ్చి, మా ఇంటి ముందు ఆపి, కిరాయి కింద వచ్చిన జొన్నలు మా చాటలో పోసి, నా చేతిలో సీతాఫలాలు పెట్టి పోయేవాడు. మేం తిన్న రొట్టెలు ఆ జొన్నలవే. వాడకట్టు వాళ్లు బాపును పిరికివాడని ఆటపట్టించారు, ఆడదాని మాట విని కలిసొచ్చే కాలాన్ని కాలితో తన్నుకున్నాడన్నారు. బాపు తల వంచుకొని తినేవాడు. కాక రావలసిన రోజున అత్తమ్మ మాత్రం ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడుస్తూ బాటవైపు చూస్తుండేది.

తొలి వానలు పడ్డ రోజుల్లో, కాక నిండా జొన్నలతో ఘాటు దిగుతుండగా ఒక మలుపులో బ్రేకు పట్టలేదు. జీపు పక్కలు తెరిచే ఉంటాయి కదా, ఎదురొచ్చిన బండ్లవాళ్లకు అతని కాలు ఆపకుండా తొక్కుతూనే ఉండటం కనబడిందట. వెనక ట్రాలీ తోసుకొచ్చి జీపును అడ్డం తిప్పి లోయలోకి నెట్టింది. ఆ బండ్లవాళ్లే శవాన్ని తమ బండిలో వేసుకొని ఇంటికి తెచ్చారు. నీళ్లు పోసేటప్పుడు జుట్టులోంచి, అంగీ మడతల్లోంచి జొన్నలు రాలుతూనే ఉన్నాయి. అత్తమ్మ వాటిని ఏరి గుప్పిట్లో పెట్టుకుంది.

వాడకట్టు ఒక్కరోజులో మాట మార్చింది. అక్క ముందే చెప్పింది, కనిపెట్టింది అని పొగడటం మొదలుపెట్టారు. ఆ పొగడ్త వినబడితే ఆమె లేచి లోపలికి పోయేది. దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం నాకు తల దువ్వుతూ, ఎవరితోనో చెబుతున్నట్టుగా అంది.

"నీ బాపుకు నిన్ను సూపెట్టిన, ఆగిండు. వాడు నాకెవరున్నరు అన్నప్పుడు, నేనున్న గదరా, నన్ను ఎక్కించుకొని దిగు అనాలె. ఎత్తుకొని పెంచినదాన్ని. గా మాట నోట్లెకెళ్లి రాలే బిడ్డా."

దువ్వెన నా తలలోనే ఆగిపోయింది. నాకప్పుడు అర్థమైంది కొంచెమే. పెద్దయ్యే కొద్దీ ఆ మాట బరువు తెలిసింది. కాక ధైర్యవంతుడని ఊరంతా అనేది. తనకోసం ఎదురుచూసేవాళ్లు లేరని అతను నమ్మాడు, అంతే. వాకిలి ఊడుస్తూ ఒక మనిషి ఎదురుచూస్తూనే ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

పెళ్లయ్యాక నేను గోదావరి పక్క బొగ్గుగనుల కాలనీకి కాపురానికొచ్చాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు అక్కడ ఉండేవారు, వాళ్లలో ఒంటరివాళ్లు చాలామంది. ప్రమాదమున్న పనికి ముందు నడిచేది వాళ్లే, నాకెవరున్నారక్కా అని నవ్వుతూ. ఆ నవ్వు నాకు తెలుసు. షిఫ్టుకు పోతూ మా పక్కింటతను మొదటిసారి అలా అన్నప్పుడు, పొయ్యి మీది కూర వదిలేసి వాకిట్లోకి పరుగెత్తాను. "నేనున్న తమ్మీ. పని దిగినంక వచ్చి కనబడి పో" అన్నాను. అతను సిగ్గుపడిపోయాడు. కానీ ఆ సాయంత్రం మా తలుపు దగ్గర ఆగి, ఒక దగ్గు దగ్గి పోయాడు. ఆ తర్వాత రోజూ అంతే.

నేనలా చెప్పి పంపిన వాళ్లందరూ తిరిగొచ్చారని అనను. కొందరు రాలేదు. ఇప్పుడు నాకు చూపు తగ్గింది, ఎవరు పోతున్నారో పోల్చుకోలేను. అయినా బాటమీద ఎవరి నోట ఆ మాట వినబడినా, ముసలిదానికి చాదస్తమని నవ్వుకున్నా సరే, అరుగు మీద నుంచి వాళ్లకు వినబడేంత గట్టిగా నేనున్నానని చెబుతాను.