మత్తు అన్న మాట

మా అన్న పుట్టి బుద్ధెరిగి కల్లు ముట్టలేదు. అయినా సిరిసిల్లలో మా వాడకట్టు సగం ఆయనను తాగుబోతు కింద జమకట్టింది. తొంభైల మొదట్లో జరిగిన ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అన్న మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం, షెడ్డు యజమానిని ఆసామి అంటాం. అన్నకు షుగరు ఉండేది. మాత్రలు మరవకుండా వేసుకునేవాడు. అయినా పొద్దున తలనొప్పితో లేచేవాడు. పగలు నడుస్తున్న సాంచా ముందు నిలబడే కునికేవాడు. పోగు తెగినా చూసుకోకపోవడంతో బట్ట పాడయ్యేది.

"డాక్టరుకు సూపిచ్చుకొని రా. రోగమైతె సరే. కాదంటె నీ సాంచాల మీద ఇంకొకన్ని పెట్టుకుంట" అన్నాడు ఆసామి.

నేనూ వదినా ఆయనను కరీంనగర్‌లో పేరున్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఏం బాధ అని అడిగితే అన్న, "పగలంత మత్తుగ ఉంటది సార్" అన్నాడు.

అంతే, పని చెడింది. మా దగ్గర కునుకు ముంచుకొచ్చినా మత్తే, కల్లు తలకెక్కినా మత్తే. డాక్టరు కలం పక్కన పెట్టాడు.

"కల్లు ఎంత తాగుతవ్?"

"తాగ సార్."

"అందరు గిట్లనే అంటరు."

వదిన ఊరుకోలేదు. "సార్, గురక వెట్టుకుంట వెట్టుకుంట గమ్మున ఊపిరి ఆగిపోతది. నేను తట్టి లేపుత. నాకు భయమైతుంది."

"గురక ఎవలు పెట్టరమ్మా? నేను పెడ్త, మా ఆవిడనడుగు" అని నవ్వాడు. కాంపౌండరూ నవ్వాడు. డాక్టరు షుగరు మాత్ర పెంచి, కల్లు బంద్ చెయ్యమని పంపేశాడు.

అన్నకు అబద్ధం రాదు. డాక్టరు ఏమన్నాడని ఆసామి అడిగితే ఉన్నదున్నట్టు, "కల్లు బంద్ చెయ్యమన్నడు" అని చెప్పాడు. తెల్లారేసరికి అన్న సాంచాల దగ్గర వేరే మనిషి నిలబడి ఉన్నాడు. తాగుబోతన్న మాట వాడకట్టులో పాకింది.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. అక్కడి బెంచీ మీద నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు వైద్య గ్రంథాన్ని కూడబలుక్కుంటూ చదివాను. మెడ లావుగా ఉన్నవాళ్ళకు నిద్రలో గొంతు దారి మూసుకుపోతుందట. ఊపిరి ఆడక మెదడు ఉలిక్కిపడి లేపుతుందట. అందుకే పగలు కునుకు. షుగరు ఉన్నవాళ్ళలో ఇది ఉందేమో చూడాలట. చూడడానికి మొదట కావలసింది యంత్రం కాదు. పక్కన పడుకునే మనిషిని అడగాలి, మెడకు టేపు చుట్టాలి, నోరు తెరిపించి గొంతు చూడాలి, బీపీ చూడాలి. అది చదివి నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. పక్కన పడుకునే మనిషి తానుగా చెప్పబోతే నవ్వారు కదా!

వదిన జాకెట్ల కొలతలు తీసుకునే టేపు అన్న మెడకు చుట్టాను. పుస్తకంలో చెప్పిన కొలత దాటింది. అంగీ పైగుండీ పట్టడం లేదని ఆయన ఎప్పుడో దాన్ని పెట్టుకోవడమే మానేశాడు. లావైతున్నడని మేమంతా మురిసిపోయాం.

ఈసారి పెద్దపల్లిలో ఇంకో డాక్టరు దగ్గరికి పోయాం. పోయేముందు అన్నకు గట్టిగా చెప్పాను. "మత్తు అనకు. నిద్ర అను."

ఆ డాక్టరు మొదలు వదిననే అడిగాడు. అంతా విన్నాక మెడ కొలిచాడు, బీపీ చూశాడు, టార్చి వేసి గొంతులోకి చూశాడు. "గీ గొంతుల గాలికి తొవ్వ ఏది? ఇది కల్లు కాదమ్మా, నిద్రల ఊపిరాగే రోగం లెక్కనే ఉన్నది" అన్నాడు. హైదరాబాదులో పరీక్ష చేయించుకోవాలనీ, అప్పటిదాకా వెల్లకిలా పడుకోవద్దనీ, ఒళ్ళు తగ్గించాలనీ, నడిచే యంత్రాల దగ్గర నిలబడవద్దనీ చెప్పాడు. ఇక సాంచా పని లేనట్టేనని వదిన ఏడ్చింది.

నేను నేరుగా ఆసామి దగ్గరికి పోయాను.

"ఇన్నేండ్లల్ల మా అన్న దగ్గర ఒక్కసారన్న కల్లు వాసనొచ్చిందా?"

"రాలే."

"మరెట్ల తాగుబోతన్నవ్?"

"డాక్టరే అనె గదా, నేనేం జేతు? గురక గూడ రోగమేనా తమ్మీ?"

చివరికి నూలును కండెలకు చుట్టే పని ఇచ్చాడు. అది ఆడవాళ్ళు కూర్చొని చేసే పని, కూలి తక్కువ. అన్న పోయి వారి మధ్య కూర్చున్నాడు. మొదటిరోజే ఒకావిడ, "ఏందన్నా, మత్తు దిగిందా?" అని ఎకసెక్కమాడింది.

"మత్తు గాదు చెల్లె, నిద్ర" అన్నాడు అన్న, కండె చుట్టడం ఆపకుండా.