కిష్టమ్మ కట్టిన కట్టు

ఎల్బీనగర్ చౌరస్తా అడ్డాకు కొత్త కూలీ ఎవరొచ్చినా కిష్టమ్మ ముందు వాళ్ల చేతులు చూసేది. మొహం చూస్తే ఆకలి తెలుస్తుంది, చేతులు చూస్తే పని తెలుస్తుంది అనేది. కరువు ఏడాది దేవరకొండ దిక్కు నుంచి మొగుడితో పాటు ఈ ఊరొచ్చింది. సెంట్రింగు మీదినుంచి పడి మొగుడు పోయాక అతని గడ్డపార తాను పట్టింది. ముప్పై ఏళ్లు గడిచాయి. ఆమె అరచేతుల్లో గీతలేవో, కాయలేవో చెప్పడం కష్టం.

సకల జనుల సమ్మె మూడో వారంలో ఓ పొద్దున యాదగిరి అడ్డాకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కాళ్లకు బూట్లు. అందరికీ దూరంగా నిలబడ్డాడు. కిష్టమ్మే దగ్గరికి పోయి పలకరించింది.

"ఏం సారూ, కూలి కోసమొచ్చినవా, కూలోళ్ల కోసమొచ్చినవా?"

"కూలికే అవ్వా. నేను ఆర్టీసీల కండక్టర్‌ని. బస్సులు బందున్నయి గద. జీతం రాలే. ఇంట్ల బియ్యం ఒడిసినయి." గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకు. సైదాబాద్‌ల మా గల్లీ వాళ్లకు తెల్వదు."

మేస్త్రి ఆ రోజు ఇద్దరినీ ట్రాలీ ఎక్కించి బాటసింగారం తీసుకుపోయాడు. అక్కడ ప్లాట్లు చేసి అమ్మే కొత్త వెంచర్ చుట్టూ రాతి కడీలు పాతడానికి గుంతలు తవ్వాలి. యాదగిరి గడ్డపారను పడిపోతుందేమో అన్నట్టు బిగించి పట్టుకుని, పళ్లు కొరుకుతూ పొడిచాడు. రెండో గుంత సగం కాకముందే ఆగి చేతులు ఊదుకోసాగాడు. రెండు అరచేతుల్లోనూ వేళ్ల మొదట్లో నీటి బొబ్బలు తేలాయి. ఒకదాన్ని గోటితో గిచ్చబోతుంటే కిష్టమ్మ ఆ చెయ్యి మీద ఒక్కటి చరిచింది.

"పొక్కు పగలగొడ్తవా? మీది తోలే దానికి మందు. అది పోతే మన్ను చొరబడి చీము పడ్తది."

అప్పటికే ఒకటి దానంతటదే పగిలింది. సద్దితో తెచ్చుకున్న మంచినీళ్లు పోసి కడిగింది. వేలాడే తోలును పీకలేదు, మెల్లగా పుండు మీదికి సర్ది, తడి ఆరేదాకా చెయ్యి గాలికి పట్టుకోమంది. ఉతికి ముల్లెలో పెట్టుకున్న పాత నూలు చీర చింపి, వేళ్ల సందుల్లోంచి తిప్పి, మడతలు పడకుండా రెండు చేతులకూ కట్టింది.

"ఇంక గంత గట్టిగ పట్టకు. గడ్డపార దాని బరువుతోని అదే దిగాలె, నీ కోపంతోని కాదు. చెమట పడితే ఆగి తుడుసుకో. చెయ్యి తడిసిందంటే తోలు జారుతది, జారితే పొక్కుతది. ఇంటికి పోయినంక ఉప్పునీళ్లతో కడిగి, ఆరినంక జర కొబ్బరినూనె రాయి. పొద్దుగాల కొత్త గుడ్డ కట్టుకో."

నాలుగు రోజులు ఆమె చెప్పినట్టే చేశాడు. బొబ్బలు అణగసాగాయి. అయిదో రోజు వెంచర్ యజమాని కమలాకర్ కారు దిగాడు. ఆ చుట్టుపక్కల తాతలనాటి భూములున్న ఇంటివాడు. చౌరస్తాలో సమ్మె దీక్షా శిబిరం నడిపేదీ ఆయనే. గుంతలు చూసి పోబోతూ, కట్లు కట్టిన చేతుల దగ్గర ఆగాడు. గుచ్చి అడిగితే యాదగిరి తానెవరో చెప్పక తప్పలేదు. వినగానే ఆయన కళ్లు మెరిశాయి.

మర్నాడు పని ఆపించి కూలీలందర్నీ శిబిరం ముందు కూర్చోబెట్టారు. వేదిక మీద కమలాకర్ యాదగిరి చెయ్యిని మైకు ముందు పైకెత్తాడు.

"చూడుండ్రి అన్నలారా! టికెట్లు కొట్టిన చేతులు గడ్డపార పట్టి ఎట్ల పొక్కినయో! గిది తెలంగాణ కోసం త్యాగం!"

చప్పట్లు మోగాయి. యాదగిరి మెడలో దండ పడింది. అతను తలెత్తలేదు. ఎవరి వెంచర్లో తవ్వితే పొక్కాయో ఆయన చెప్పలేదు, ఎవరి చీర చింపి కట్టారో ఇతను చెప్పలేదు. కింద ఎండలో కూర్చున్న కిష్టమ్మ తన అరచేతులు చూసుకుంది. నాకూ ఇవే చేతులు గదా, ముప్పై ఏండ్ల సంది ఎవరన్నా ఎత్తి చూపించిండ్రా అనుకుంది.

సభ అయ్యాక జనాన్ని తోసుకుంటూ కమలాకర్ ముందుకెళ్లింది. "సారూ, మా అందరికీ గిట్లనే పొక్కుతయి. మందపు గుడ్డవి చేతి తొడుగులు ఇప్పియ్యుండ్రి."

"తప్పకుండ అవ్వా!" అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా.

మాట తప్పలేదు. మూడో రోజు పెట్టె వచ్చింది. అందులో ఉన్నవి దవాఖానలో వేసుకునే పల్చటి రబ్బరువి. పంచుతూ ఫొటోలు దిగారు. సారు మళ్లీ వస్తారు, ఎవరూ తీయొద్దని మేస్త్రి గట్టిగా చెప్పాడు. మధ్యాహ్నానికి లోపల చెమట నిలిచి కిష్టమ్మ చేతులు నానిపోయాయి. కాయలు కాసిన తోలు కూడా మెత్తబడి కుడి బొటనవేలి మొదట్లో పెద్ద బొబ్బ లేచింది. "తీస్తనయ్యా, కడుక్కొని గుడ్డ కట్టుకుంట" అంటే మేస్త్రి కసిరాడు. సాయంత్రం దాకా సారు రాలేదు. తొడుగు లాగితే దాంతో పాటే తోలూ ఊడొచ్చింది.

ఆ రాత్రి కడిగి గుడ్డ కట్టుకుంది గానీ, తెల్లారి పనికి పోక తప్పలేదు. రెండు రోజులకు చెయ్యి మోచేతిదాకా వాచి, జ్వరం కాసింది. సర్కారు దవాఖానలో కోసి చీము తీశారు. ఇరవై రోజులు ఇంట్లోనే ఉంది. ఈలోగా సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి. పుండు మానింది, కుడి బొటనవేలు మాత్రం మళ్లీ వంగలేదు.

ఓ ఆదివారం యాదగిరి అరటిపండ్లు పట్టుకుని గుడిసె వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె చెయ్యి చూసి, పండ్లు పట్టుకునే ఎదురుగా కింద కూర్చున్నాడు.

"ఆ రోజు స్టేజి మీద నీ పేరు చెప్పాల్సింది అవ్వా. నోరు రాలే."

"చెప్తే ఏమైతుండె? నాకో దండ ఏస్తుండె. దండ ఎండినంక నేను మళ్ల గుంతకాడికే పోతుంటి."

"నాతోని ఏమన్న అయితదా?"

"ఏమైతది బిడ్డా! పండ్లు ఆడ పెట్టి పో. డ్యూటీకి ఆలస్యమైతది."

అతను పోయాక ఒక పండు తీసి ఎడమచేత్తో ఒలుచుకోబోయింది. జారింది. చివరికి పళ్లతో చీల్చుకుని తింది.

సోమవారం మళ్లీ అడ్డాకు పోయింది. గడ్డపార పిడికిట్లో నిలవదని తెలిసి మేస్త్రి ఆమెను తట్టలు మోసేవాళ్లలో నిలబెట్టాడు. ఆ పనికి కూలి తక్కువ. కిష్టమ్మ తలగుడ్డ చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని ట్రాలీ ఎక్కింది.